ఉత్త ఇసక

మొన్న వేసవిలో, ఎటు చూసినా యుద్ధం మాటే వినబడుతున్న రోజుల్లో, విజయనగరంలో మేముండే అపార్టుమెంటు వాళ్ళందరినీ ఒక పొద్దున్న కింద కార్లు పెట్టుకునే చోట కూర్చోబెట్టి, సైరన్ మోగితే ఏం చెయ్యాలో, దీపాలు ఎప్పుడు ఆర్పాలో, గాయానికి కట్టు ఎలా కట్టాలో యూనిఫారాల్లో వచ్చిన కుర్రకారు ముచ్చటగా చేసి చూపించారు. నిజం చెప్పొద్దూ, బాగానే చెప్పారు. పిల్లలకైతే సినిమా చూసినంత సంబరం. చివర్న ఒక అమ్మాయి ఇంటికో సంచి పంచింది. నా సంచిలో దూది, కట్టుగుడ్డ, కత్తెర, వాటితో పాటు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే నీళ్ళలో కలుపుకుని తాగే ఉప్పు పొట్లం ఒకటి ఉంది. ఆ పొట్లం చేతిలోకి తీసుకున్నాక నాకింక వాళ్ళు చెప్పేది వినబడలేదు. సందేహాలుంటే అడగమంటే లేచి నిలబడి, యుద్ధమే వస్తే మనం తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో, ఆ పక్కన ఎవరేం తవ్వుతున్నారో ఎవరు చూస్తారమ్మా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి, కేన్లు వస్తాయి కదండీ మామ్మగారూ అంది. అందరూ నవ్వారు. మా అమ్మాయి నా కొంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

ఆ రోజంతా నాకు చిరాకు తగ్గలేదు. నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటే గాని దిగేలా లేదు, కాబట్టి వినండి. పొద్దుపోవడానికి చెప్పుకునే కబుర్లు మాత్రం కావివి.

సైరన్ అంటే నాకు చిన్నప్పటినించీ మా నాన్నే గుర్తొస్తాడు. మాది నెల్లిమర్ల, నాన్న జూట్ మిల్లులో పని చేసేవాడు. మిల్లు కూత వినబడగానే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది, మేం గుమ్మంలో నిలబడేవాళ్ళం, చొక్కా నిండా నార నూగుతో నాన్న వీధి మలుపు తిరిగేవాడు. ఆ కూత వింటే భయపడాలని బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన ఏడాది దాకా నాకు తెలీదు. అప్పటికి నేను నర్సు ట్రైనింగు పూర్తిచేసి, సముద్రం దాపున ఒక చిన్న సర్కారు డిస్పెన్సరీలో కొత్తగా చేరాను. డిస్పెన్సరీ రోడ్డు మీది ఊళ్ళో ఉండేది. అక్కణ్ణుంచి జీడితోటల్లోంచి నడిచి వెళితే ఒడ్డున జాలరుల పల్లె. దాని పేరు చెప్పను. అక్కడి వాళ్ళ మనవలు ఇప్పుడు చక్కగా బతుకుతున్నారు, పాత గొడవలు తవ్వితే వాళ్ళకి నచ్చకపోవచ్చు.

ఆ పల్లెలో నాకు చుట్టరికమేమీ లేదు. కాని చేరిన కొత్తలోనే, చేపల గంప దించుకుని డిస్పెన్సరీ మెట్ల మీద కూర్చున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, “నా సిన్నకొడుక్కి నిన్ను సేసీసుకుంతాను సూడు” అని నలుగురూ వినేలా అనడంతో ఆవిడ నాకు అత్తైపోయింది, ఆవిడ భర్త మావ అయిపోయాడు. మావ ఆ పల్లెకి పెద్ద. తెప్పలు ఎప్పుడు దించాలన్నా, ఏ ఇంటి తగువు తీర్చాలన్నా ఆయన మాటే మాట, ఆ మాట కూడా పిసినారిలా వాడేవాడు. వాళ్ళ పెద్దకొడుకు పెళ్ళాం నా ఈడుదే, తొలిచూలు. కడుపు చూద్దామని నేను చెయ్యి వేస్తే చాలు, చల్లగా ఉందంటూ మెలికలు తిరిగిపోయి నవ్వేది. పురుడు నేనే పోస్తానని మాటిచ్చాను, ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టాలని ఒట్టు కూడా వేయించుకున్నాను. అప్పటికి పురుళ్ళు పోసిన చెయ్యే గాని, స్నేహితురాలికి పొయ్యడం అదే మొదలు కాబోతోందని నాకు లోపల్లోపల గుబులుగా ఉండేది.

దసరా వానలు వెళ్ళాక పల్లెకి ఉత్తరాన ఉన్న సరుగుడు తోటలో మిలటరీ వాళ్ళు దిగారు. గుడారాలు, లారీలు, ఆకాశం కేసి చూసే తుపాకులు. విశాఖపట్నం మీదికి ఏదొచ్చినా ముందు ఈ ఒడ్డునే కనబడుతుందని చెప్పుకునేవారు. వాళ్ళలో చాలామంది తూర్పు సరిహద్దు నించి రైల్లో వచ్చిన వాళ్ళు. అక్కడ శరణార్థుల శిబిరాల్లో కలరా రేగిందని రేడియోలో వింటూనే ఉన్నాం. కేంపుతో వచ్చిన డాక్టరు ఏ ప్రాంతపు వాడో గాని, సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలని కళ్ళతో ఉండేవాడు, మంచి మనిషి. కేంపు ఆరోగ్యం, పల్లె ఆరోగ్యం వేరు కావని, యుద్ధం అయ్యేదాకా ఇద్దరూ కలిసి చూసుకోవాలని పట్టుబట్టి, పల్లె పెద్దల్నీ మా డిస్పెన్సరీ వాళ్ళనీ పిలిపించి వలలు ఎండేసే పందిరి కింద కూర్చోబెట్టాడు. హిందీ పరీక్షలు రాసిన పుణ్యాన ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చెప్పే పని నామీద పడింది.

కుదిరిన ఏర్పాటు ఇది: కేంపు వాళ్ళు సూదిమందు వేస్తారు, బావిలో మందు కలుపుతారు, అవసరమైతే మంచినీళ్ళ టాంకరు పంపుతారు. పల్లె వాళ్ళు తాటాకూ వెదుళ్ళూ ఇచ్చి రోగులకని ఒక పాక వేస్తారు, పొద్దు గుంకాక ఒడ్డున ఎక్కడా నిప్పు కనబడనివ్వరు, తెప్పలు దించరు. ఆ ఆఖరి షరతుకి మావ మొహం మాడింది గాని తలూపాడు. చివర్న డాక్టరు మొగలి పొదల అవతల కనబడుతున్న ఇసక దిబ్బ చూపించి, దాన్ని మేం వాడుకోవచ్చా, అక్కడ మీకేమైనా అవసరం ఉందా అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను. మగవాళ్ళందరూ మావ కేసి చూశారు. మావ సముద్రం కేసి చూశాడు.

“ఏటీ లేదు బాబూ. ఉత్త ఇసక.”

ఆ మాటే నేను హిందీలో చెప్పాను. డాక్టరు తృప్తిగా లేచి అందరికీ దణ్ణం పెట్టాడు.

అక్కడేముందో మీకిప్పుడే చెప్పేస్తాను, దాచి ఊరించడానికి ఇదేం కథ కాదు. ఆ దిబ్బ కింద, మొగలి పొదల చాటున, ఒక చెలమ ఉంది. ఇసకలో తవ్విన గుంట, అడుగున ఊట, కొబ్బరిచిప్పతో నిదానంగా తోడుకుంటే బిందె నిండే తియ్యటి నీళ్ళు. పల్లెలో ఉన్న ఒక్క బావీ ఉప్పన, గిన్నెలు తోముకోవడానికీ ఒళ్ళు కడుక్కోవడానికీ తప్ప పనికిరాదు. తాగేవన్నీ చెలమ నీళ్ళే. ఆ చెలమ ఆడవాళ్ళది. మగవాడన్నవాడు మొగలి పొదలు దాటి అటు అడుగు పెట్టకూడదని పల్లె కట్టడి. ఆడవాళ్ళు అక్కడ కొప్పులు విప్పుకుని కూర్చుంటారు, అత్తల్నీ మొగుళ్ళనీ తనివితీరా తిట్టుకుంటారు, పాడుకుంటారు. వెనకటి పెద్ద యుద్ధంలో ఇదే ఒడ్డున దిగిన సోల్జర్లు నీళ్ళ దగ్గరే కాపు కాసి ఆడవాళ్ళని అల్లరి పెట్టారని పల్లెలో ముసలివాళ్ళు చెప్పేవారట. అలాంటిది, కొత్తగా దిగిన మిలటరీకి మన ఆడవాళ్ళు నీళ్ళకి పోయే చోటు మనమే చూపిస్తామా అని మగవాళ్ళంతా కూడబలుక్కున్నారు. ఎవరడిగినా బావి నీళ్ళే తాగుతామని చెప్పాలన్నారు. ఆడవాళ్ళు తెల్లారకముందే మసకచీకట్లో వెళ్ళి నీళ్ళు తెచ్చేసుకోవాలన్నారు.

కేంపు వాళ్ళు ఉత్త ఇసకే కదా అనుకుని ఆ దిబ్బ మీద గోనెపట్టాలు చాటు కట్టి, తమ మనుషులందరికీ పాయిఖానా గోతులు తవ్వారు. చీకట్లో వెళ్ళి చీకట్లో వచ్చే ఆడవాళ్ళకి పైనున్న గోనెపట్టాలు కనబడలేదు. వాడిన ప్రతిసారీ ఇసక కప్పేవారు కాబట్టి వాసనా తెలీలేదు. ఎవర్ని తప్పు పట్టమంటారు? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, నాకు ఇప్పటికీ ఒకళ్ళ మీద కోపం నిలవదు.

యుద్ధం మొదలైన రోజుల్లోనే రోగమూ మొదలైంది. కేంపు వాళ్ళందరికీ ముందే సూదిమందు పడి ఉంది, వాళ్ళెవరూ మంచం పట్టలేదు. రోగం వాళ్ళకి రాలేదు గాని వాళ్ళ వెంట వచ్చింది. పల్లెకి మందు సరిపడా రాలేదు, వచ్చిన కాస్తా చూసి సగం మంది మగవాళ్ళు తెప్పలెక్కి పారిపోయారు. గాలివానకి జంకని వాళ్ళు సూదికి జడిసి పరిగెత్తడం చూసి అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఏడాది ఆ పల్లెలో నేను విన్న ఆఖరి నవ్వు అదే అనుకుంటాను. మొదట చివరింటి కవలపిల్లలు పోయారు, తరవాత వాళ్ళ తాత. ఆ పైన వరస లేదు. పొద్దున్న వల బాగుచేసుకుంటున్న మనిషి సాయంత్రానికి కళ్ళు గుంటలు పడి, గొంతు పోయి, వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడతలు తేలి, సొంత తల్లే గుర్తుపట్టలేనట్టు పడి ఉండేవాడు.

కేంపు వాళ్ళు చెయ్యగలిగిందంతా చేశారు, ఇది మాత్రం చెప్పి తీరాలి. బావిలో మందు కలిపారు, రోజూ టాంకరు పంపారు, పాకలో రోగుల కింద గుడ్డలు మార్చి, ఎత్తి పోసింది కూడా ఆ కుర్రాళ్ళే. ఏ ఆడవాళ్ళని వాళ్ళ నించి దాచాలనుకున్నారో, ఆ ఆడవాళ్ళ తలల కింద తమ దుప్పట్లు మడిచి పెట్టి, కళ్ళు దించుకుని పక్కకి తప్పుకునేవారు. రోగికి నీళ్ళిస్తే విరేచనాలు ఇంకా పెరుగుతాయని నోరు కట్టేసే అలవాటు అప్పట్లో అన్ని ఊళ్ళలోనూ ఉండేది. దాన్ని మానిపించి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టడం డాక్టరు మాకు నేర్పాడు. తూర్పు శిబిరాల్లో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు ఇలాగే బతికించారని చెప్పాడు. కొంతమంది లేచి కూర్చున్నారు కూడా. కాని ఇద్దరు లేస్తే నలుగురు పడుతున్నారు. వీళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో సరిగ్గా కనుక్కో అని డాక్టరు నన్ను పదే పదే పంపేవాడు. నేను అత్తనడిగేదాన్ని. బాయి నీల్లేనమ్మా అనేది, నా మొహం చూడకుండా. ఆ టాంకరు నీళ్ళు మందు కంపు కొడుతున్నాయని పల్లె వాళ్ళు వాటితో వలలు కడుక్కుంటున్నారని మాకు తెలీదు.

ఒక పొద్దున్న అత్త పెద్దకొడుకు డిస్పెన్సరీకి పరిగెత్తుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి కోడలు చాప మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. కడుపు మీద చెయ్యి వేస్తే ఈసారి నవ్వలేదు, చల్లగా ఉందని అనలేదు. నా చెయ్యి కంటే ఆమె ఒళ్ళే చల్లగా ఉంది. బిడ్డ కదలిక ఇంకా తెలుస్తోంది. టాంకరు నీళ్ళు మరిగించి, ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టబోతే మొహం తిప్పేసుకుంది.

“ఈ మందు కంపు నీల్లొద్దత్తా. మన నీల్లియ్యి.”

మన నీళ్ళేమిటని నేననే లోపలే అత్త లోపలి గదిలోంచి చెంబు తెచ్చింది. నేను అది లాక్కుని ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. ఆ పల్లె బావి నీళ్ళు నోట పెడితే ఉప్పు.

ఎక్కడివత్తా ఇవి అన్నాను. అత్త మావ కేసి చూసింది. మావ గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని నేల చూస్తున్నాడు. కోడలు మళ్ళీ మన నీళ్ళడిగింది. అత్త ఇంక మావ వైపు చూడలేదు, నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కెళ్ళింది. పట్టపగలు, ఎండ తెల్లగా కాస్తోంది. మొగలి పొదలు దాటాక చెలమ చూపించి, “ఇదేనమ్మా మా నీల్లు. పాలనాంటి నీల్లు, దీనికేటయినాది?” అంది. నేను పైకి చూశాను. నా చూపు వెంట ఆవిడా చూసింది. దిబ్బ మీద గోనెపట్టాలు గాలికి ఊగుతున్నాయి, ఒక జవాను చెంబు పట్టుకుని బయటికొస్తున్నాడు. అత్త ఓలమ్మో అని ఇసకలో కూలబడిపోయి, రెండు చేతులా ఆ చెలమని పూడ్చెయ్యడం మొదలుపెట్టింది. ఊరుకోమంటే ఊరుకోలేదు, గోళ్ళు చిట్లినా ఆపలేదు. నేను ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను, ఆవిడ మాత్రం ఏడవలేదు.

మావ మా వెనకాలే వచ్చి మొగలి పొదల దగ్గర ఆగిపోయాడు, అలవాటు కొద్దీ. అక్కణ్ణుంచే అంతా చూశాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని తిన్నగా కేంపుకి నడిచాడు, నేను వెంట పరిగెత్తాను. డాక్టరు ముందు నిలబడి, “నేనే సెప్పేను బాబూ ఉత్త ఇసకని. మా ఆడోల్లు నీల్లు తోడేది ఆడే. నన్నేటి సేస్తావో సెయ్యి” అన్నాడు. నేను ఆ మాటలు హిందీలో చెబుతుంటే డాక్టరు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. తరవాత అన్నది కూడా మావని కాదు. తనే దిబ్బెక్కి చూసుకోవలసింది, ఆ కింద పొదలు అంత పచ్చగా ఎందుకున్నాయో అడగవలసింది అని తనలో తను గొణుక్కున్నాడు. ఆ సాయంత్రానికి గోతులు పూడ్చేసి, సున్నం పోసి, ఊరికి దూరంగా పల్లపు వైపు వేరే తవ్వించాడు. కేంపు కోసం దాచి ఉంచిన సెలైన్ సీసాలు పై అధికారిని బతిమాలి తెచ్చి కోడలికి ఎక్కించాడు. నరం దొరకడానికే ఎంతో సేపు పట్టింది.

మర్నాడు పొద్దున్న నేను మాటిచ్చినట్టే పురుడు పోశాను. ఆడపిల్ల. ఏడవలేదు. అత్త బిడ్డకి పొయ్యడానికని వేడినీళ్ళు తెచ్చి, బిడ్డని చూసి, ఆ నీళ్ళు అలాగే కింద పెట్టేసింది. కోడలికి ఏం పుట్టిందో తెలిసే స్పృహ లేదు, తెలీకపోవడమే మేలని నేననుకున్నాను. పొద్దు వాలే వేళకి ఆమె కూడా పోయింది.

కలరా శవాన్ని రాత్రి ఉంచకూడదు. పొద్దు గుంకాక నిప్పు కనబడకూడదు. త్వరగా కాలాలని కేంపు కుర్రాళ్ళు ఎండిన సరుగుడు దుంగలు భుజాన మోసుకొచ్చి పేర్చారు. కాని శీతకాలపు పొద్దు ఎంతసేపు నిలుస్తుంది? మంట సగంలో ఉండగానే కేంపులో సైరన్ కూసింది. జవాన్లు పారలు పట్టుకుని నిలబడ్డారు గాని ఒక్కరూ ముందుకి రాలేదు, వాళ్ళలో ఒకడు ఏడుస్తున్నాడు. పెద్దకొడుకు చితికి అడ్డంగా నిలబడి నా పెళ్ళాన్ని సగం కాల్చి వదలనియ్యను అని అరిచాడు. మావ వాణ్ణి పక్కకి తీసి, అత్త చేపల గంప అందుకుని, ఇసక నింపి, కోడలి చితి మీద తనే పోశాడు. గంప మీద గంప పోస్తూనే ఉన్నాడు. ఉత్త ఇసక. తెల్లారాక ఆ ఇసక తవ్వి తీసి మళ్ళీ నిప్పు పెట్టారు. నేనెన్నో చావులు చూశాను, ఉద్యోగం అలాంటిది, కాని ఆ సాయంకాలం మాత్రం నన్నింకా వదలలేదు.

చెలమ మూసేశాక కొత్తగా పడే వాళ్ళు తగ్గిపోయి, కొద్ది రోజుల్లో రోగం ఆగిపోయింది. యుద్ధమూ ఆగిపోయింది. కేంపు ఎత్తేసేముందు డాక్టరూ మావా కలిసి, పల్లెకి దక్షిణాన మంచి చోటు చూసి కొత్త చెలమ తవ్వించారు. అక్కడికి వెళ్ళే ఆడవాళ్ళు నీళ్ళు తెచ్చుకునేవారు గాని, నేనెరిగినంత వరకూ ఎవరూ పాడుకోలేదు.

మావ మాత్రం మారిపోయాడు. మాట పిసినారి కదా, అలాంటి మనిషి నేల కొలతలకొచ్చిన వాణ్ణి, రోడ్డు వేసే వాణ్ణి, ఓట్లకొచ్చిన వాణ్ణి, రొయ్యల చెరువులకి నేల బేరమాడడానికొచ్చిన వ్యాపారిని, ఎవరొచ్చినా సరే, చెయ్యి పట్టుకుని ముందు ఆ కొత్త చెలమ దగ్గరకి లాక్కెళ్ళి, మా ఆడవాళ్ళు నీళ్ళు తోడేది ఇక్కడ, చూసుకో అని చెప్పేవాడు. పల్లెలో కుర్రవాళ్ళు ముసలాయనకి మతి పోయిందని నవ్వేవారు. నాకు కోటబొమ్మాళి బదిలీ అయి, పెళ్ళై, పిల్లలు పుట్టాక ఒకసారి చూసిరావడానికి వెళ్ళాను. అత్త అప్పటికి లేదు. మావకి చూపు పోయింది. నా గొంతు గుర్తుపట్టి, కర్ర తడుముకుంటూ నన్ను మొగలి పొదలున్న చోటికి తీసుకెళ్ళాడు. పొదలు లేవు, రొయ్యల చెరువు గట్టుంది. ఆ గట్టు దగ్గర ఆగి కర్రతో నేల తట్టి, “ఇక్కడేనమ్మా. ఎవులడిగినా సెప్పు. అడక్కపోయినా సెప్పు” అన్నాడు.

మొన్న ఆ కుర్చీల మధ్య నిలబడి నేను చెప్పబోయింది ఇదీ. ఇప్పుడు పల్లెల్లోనూ కొళాయిలొచ్చాయి, ఉప్పు పొట్లం ఏ కొట్లోనైనా దొరుకుతుంది, ఆ పొట్లం ఆనాడు ఉంటే అనుకోని రోజు లేదు. మంచిదే, కాదనను. నిన్న మా ఇంటికి నీళ్ళ కేను తెచ్చిన అతన్ని ఈ నీళ్ళెక్కడివయ్యా అని అడిగాను. ప్లాంటువండీ అన్నాడు. ప్లాంటుకెక్కడివంటే బోరువండీ అన్నాడు. ఆ బోరు పక్కన ఏముందయ్యా అంటే, ఖాళీ కేను భుజాన వేసుకుని మెట్లు దిగిపోతూ, ఏం లేదండీ, ఉత్త ఖాళీ స్థలం అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించడానికి మా మావ లేడు.